తుప్పు ఓడ కాపలా

ప్రశ్న: చైనా ఓడలు బెదిరిస్తుంటే ఫిలిప్పీన్స్ లాంటి చిన్న దేశం ఏం చేయగలదండీ? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చేతులు ముడుచుకుని మాత్రం కూర్చోలేదమ్మా. దక్షిణ చైనా సముద్రంలో రెండు దేశాలూ మాదంటే మాదనే ఒక పగడపు దిబ్బ ఉంది, దాని మీదికి 1999లో ఫిలిప్పీన్స్ కావాలనే ఎక్కించిన పాత యుద్ధనౌక, ఒళ్లంతా తుప్పే, అందులో ఇప్పటికీ కొద్దిమంది సైనికులు కాపలా ఉంటున్నారు. వాళ్లకు తిండీ నీళ్లూ తెచ్చే పడవల మీద చైనా కోస్ట్‌గార్డ్ వాటర్ కెనాన్లు కొడితే ఆ వీడియోలు ప్రపంచమంతా చూసేలా బయటపెట్టారు, నా దృష్టిలో అదే గొప్ప పని. ఈ సముద్రం మీద హక్కుల గొడవలో 2016లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ (మధ్యవర్తిత్వ న్యాయస్థానం) తీర్పు ఫిలిప్పీన్స్‌వైపే వచ్చింది, చైనా ఒప్పుకోలేదు. అమెరికాతో 1951 నాటి రక్షణ ఒప్పందం ఉన్నా, మన బ్రహ్మోస్ క్షిపణులూ కొన్నారు. 2024 జూన్‌లో చైనావాళ్లు కత్తులు, గొడ్డళ్లతో ఆ సరఫరా పడవలకు అడ్డుపడితే పాపం ఒక ఫిలిప్పీన్స్ నావికుడి చేతి బొటనవేలు తెగింది. మరుసటి నెలలోనే సరఫరాల మీద రెండు దేశాలూ తాత్కాలిక అవగాహనకు వచ్చాయి.