ఆరు నెలల ఖర్చు చేతిలో లేకుండా ఉద్యోగం మానకండి

ప్రశ్న: నా వయసు 28. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి ఐదేళ్లుగా హనుమకొండలో 300 పడకల ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఈఎస్‌ఐ, పీఎఫ్ పోను చేతికి 18,500 వస్తుంది. మావారు స్కూలు బస్సు డ్రైవరు, జీతం 14,000. ఇద్దరు పిల్లలు. నెల ఖర్చు 27,000. బ్యాంకులో 18,000 ఉన్నాయి. మా దగ్గర బీఎస్సీ వాళ్లనే ఇన్‌ఛార్జిలుగా వేస్తున్నారు. ఉద్యోగం మానేసి బెంగళూరులో జీఎన్‌ఎం చేసినవాళ్ల కోసం ఉండే రెండేళ్ల నర్సింగ్ డిగ్రీ, పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేద్దామనుకుంటున్నాను. ఫీజు, హాస్టల్ కలిపి 2,60,000. ఏజెంటుకు 10,000 కట్టాను. మిగతాదానికి బంగారం మీద 1,40,000, తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి 1,10,000 తీసుకోవచ్చా? డిగ్రీ ఉంటే జీతం 4,000 పెరుగుతుందంటున్నారు.

– ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. చదువు వద్దని కాదు, ఈ పద్ధతిలో వద్దు. చదువు ఖర్చంటే ఫీజే అనుకుని మానేసే జీతాన్ని లెక్కలో వేసుకోకపోవడం చాలామంది చేసే పొరపాటే. రెండేళ్లలో మీరు వదులుకునే జీతం 4,44,000. ఫీజుతో కలిపితే 7,04,000. నెలకు 4,000 చొప్పున అది తిరిగి రావడానికి 176 నెలలు, అంటే పద్నాలుగున్నరేళ్ల పైమాటే. ఇందులో వడ్డీ లేదు.

అసలు ఇబ్బంది మొదటి నెలలోనే మొదలవుతుంది. మీ జీతం ఆగితే ఇంటికి 13,000 తక్కువ పడుతుంది. రెండు రూపాయల వడ్డీకి మరో 2,200. మొత్తం 15,200. బ్యాంకులో ఉన్న 18,000లో రెండో నెలకు మిగిలేది 2,800. ఆ నెలలో పిల్లాడికి డెంగీ వస్తే? వేసవి సెలవుల్లో మీవారికి జీతం ఇస్తారో లేదో కూడా మీరు రాయలేదు. అలాంటప్పుడు చేసే కొత్త అప్పుకు రెండు రూపాయలు కాదు, మూడు రూపాయల వడ్డీ అడుగుతారు. అప్పటికి బంగారం కూడా ఇంట్లో ఉండదు.

పైగా ఉద్యోగం మానిన కొన్ని నెలలకు మీ ఈఎస్‌ఐ కూడా పోతుంది, దానితోపాటు పిల్లల వైద్యం కూడా. మీవారికి స్కూల్లో ఈఎస్‌ఐ ఉందేమో ముందు కనుక్కోండి. ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారేమో, అది జాబితాలోని చికిత్సలకే. జ్వరానికీ మందులకూ డబ్బు చేతిలో ఉండాల్సిందే.

ఇక డిగ్రీ సంగతి. ప్రైవేటు ఆసుపత్రుల్లో ఇన్‌ఛార్జి పోస్టులకూ, నర్సింగ్ కాలేజీలో ట్యూటరు ఉద్యోగానికీ, తర్వాత ఎమ్మెస్సీకీ బీఎస్సీ ఉపయోగమే, కాదనను. కానీ జీతం నిజంగా మారేది సర్కారు ఉద్యోగంతో, దానికి మీ జీఎన్‌ఎం చాలు. 2024లో తెలంగాణ వైద్య నియామక బోర్డు 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు ఇచ్చిన నోటిఫికేషన్‌లో జీఎన్‌ఎం, బీఎస్సీ రెండింటినీ తీసుకున్నారు. స్కేలు 36,750 నుంచి మొదలు. పరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సేవకు 20. ఎయిమ్స్ ఆసుపత్రుల్లో నర్సింగ్ ఆఫీసర్ల ఎంపికకు పెట్టే నార్సెట్ పరీక్ష కూడా జీఎన్‌ఎంతో పాటు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉంటే రాయొచ్చు. మూల వేతనం 44,900. అక్కడ వయోపరిమితి 30, రిజర్వేషన్ ఉంటే సడలింపు. మీకు 28. కోర్సు పూర్తయ్యేసరికి ఏమవుతుందో చూసుకోండి.

కాబట్టి ఉద్యోగం చేస్తూనే పరీక్షలకు చదవండి. లెక్క ప్రకారం నెలకు 5,500 మిగలాలి. అది ఎటు పోతోందో మీ ఉత్తరంలో లేదు. ముందు అది పట్టుకోండి. ఆరు నెలల ఖర్చు 1,62,000. ఉన్న 18,000 పోను మిగతాది పోగవడానికి రెండేళ్ల పైన పడుతుంది. అది వేరే ఖాతాలో ఉండాలి, చీటీలో కాదు. పీఎఫ్ జోలికి వెళ్లకండి. ఇద్దరి పేరా టర్మ్ పాలసీ (మనిషి పోతే కుటుంబానికి డబ్బు వచ్చే బీమా) తీసుకోండి.

తర్వాత కూడా బీఎస్సీ చేయాలనిపిస్తే, బ్యాంకు విద్యారుణం గురించి ముందు అడగండి. కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్, విశ్వవిద్యాలయం గుర్తింపు ఉందో మీరే చూసుకోండి. ‘క్లాసులకు రానక్కర్లేదు, పరీక్షలకొస్తే చాలు’ అనే ఏజెంట్లు ఉంటారు, వాళ్లతో మాటలు కూడా వద్దు.

ఇప్పటికే కట్టిన 10,000 తిరిగి అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి. దాని కోసం మరో రెండున్నర లక్షల అప్పు చేయకండి.