ఫోర్సెప్స్ ఫ్లష్ పోర్టు దగ్గర నీళ్ళు కారుతుంటే

ఫోర్సెప్స్ (ఆపరేషన్‌లో పట్టుకునే పరికరం) లోపల కడగడానికి సిరంజితో నీళ్ళు కొడితే ఫ్లష్ పోర్టు (నీళ్ళు ఎక్కించే రంధ్రం) దగ్గరే కారిపోయి కొసన చుక్క రావట్లేదన్నారు కదా సిస్టర్, లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్) ఫోర్సెప్స్‌కి మామూలు స్లిప్ సిరంజి (మర లేకుండా ఊరికే గుచ్చేది) గుచ్చుతున్నట్టున్నారు.

1. లూయర్ లాక్ సిరంజి (కొసన మర ఉండేది) తీసుకుని తిప్పి బిగించండి.
2. అందరూ వదిలేసేది ఇదే: ఫోర్సెప్స్ దవడలు (కొసన పట్టుకునే రెండు రెక్కలు) తెరిచి, కొస కింద తెల్ల గాజ్ గుడ్డ (గాయాలకు కట్టే పల్చటి గుడ్డ) పెట్టి చూడండి. ఎర్ర జాడ పోయేదాకా ధార రావాలి. కారడం ఆగినంత మాత్రాన లోపల కడిగినట్టు కాదు.
3. ధార రాకపోతే రక్తం ఎండినట్టే. బలంగా నొక్కొద్దు, ఎంజైమ్ ద్రావణం (ఎండిన రక్తాన్ని కరిగించేది) నింపి నానబెట్టండి. సెలైన్ (ఉప్పునీళ్ళు) వద్దు, స్టీలు తుప్పు పడుతుంది.

మా విజయనగరంలో బోరు నీళ్ళకి పోర్టు మరల్లో తెల్లపొర కట్టేది. ఆఖరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తో చేశాక పోయింది.

ఆ సిరంజికి ఎర్ర టేపు చుట్టండి. అదే కొస ఐవీ క్యాన్యులాకీ (రోగి నరంలో పెట్టే గొట్టం) చక్కగా అతుక్కుంటుంది మరి, పొరపాటున రోగికి వాడేయకుండా.