మాష్టారి గురించి రాసేటప్పుడు

అమ్మాయ్,

నీ మెసేజ్ చూశాను. నాన్నగారి సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేసి, ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళకి పంచాలనుకుంటున్నావు, చాలా సంతోషం. నువ్వు పంపిన పేజీల్లో నిరాడంబరులని, క్రమశిక్షణకు మారుపేరని, పిల్లలందర్నీ సొంత బిడ్డల్లా చూసేవారని రాశావు. అబద్ధమేమీ లేదు. కానీ ఏ మాష్టారు పోయినా సంతాపసభలో ఈ మాటలే అంటారు, వాటిలో మీ నాన్న నాకు కనబడలేదు. గుణాలు పక్కన పెట్టి ఆయన చేసిన పనులు రాయి. ఏ ఊళ్ళో, ఏ పిల్లలకి, ఏం చేశారు, అది.

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న మన పర్లాకిమిడి సంగతే చూడు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో ఇక్కడి రాజావారి స్కూల్లో మాష్టారుగా చేరారు. గొప్పవారని అంటే ఏం తెలుస్తుంది? తెలుగు వచ్చిన ఒక సవర గిరిజనుణ్ణి ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారని, సవర పిల్లలకి సొంత డబ్బుతో బడులు పెట్టారని, 1931లో సవర వ్యాకరణం అచ్చయ్యేదాకా ఆ పని వదల్లేదని చెప్తే మనిషి ఎలాంటివారో తెలుస్తుంది. మీ నాన్నకి అంత పేరు లేకపోవచ్చు, రాసే పద్ధతి మాత్రం అదే.

ముందు ఆయన బీరువా తియ్యి. బదిలీ ఆర్డర్లు, పెన్షన్ కాగితం, పాత డైరీలు దొరుకుతాయి. వాటితో ఏ ఏడు ఏ స్కూల్లో ఉన్నారో ఒక కాగితం మీద వరసగా రాసుకో. గజపతి జిల్లా 1992 అక్టోబరు 2న ఏర్పడింది కాబట్టి అంతకు ముందువాటి మీద గంజాం జిల్లా అనే ఉంటుంది, గుణుపురంలో చేసిన నాటివైతే కోరాపుట్ అని ఉంటుంది, రాయగడ జిల్లా కూడా అదే రోజు విడిపోయింది. ఎక్కడో దూరంగా పనిచేశారనుకుని తికమక పడకు. పుట్టినరోజు మాత్రం కాగితాలు చూసి వెయ్యకు. ఆ రోజుల్లో బళ్ళో వేసేటప్పుడు అడ్మిషన్ రాసే మాష్టారే ఏదో తారీఖు వేసేసేవారు, అసలుది మీ పెద్దత్తయ్యని అడుగు.

శిష్యులని ఏ సంవత్సరమని అడిగితే చెప్పలేరు. చిన్న రైలు ఉన్నప్పుడు అంటారు, తిత్లీ తుఫానుకి ముందు అంటారు. అది చాలు. నౌపడా నుంచి గుణుపురం వెళ్ళే నేరో గేజి బండి 2004లో ఆపేశారు, పెద్ద లైను గుణుపురం దాకా 2011లో వచ్చింది, తిత్లీ 2018 అక్టోబరులో. వీటి పక్కన పెట్టి చూసుకుంటే ఎవరి మాట ఎప్పటిదో నీకే తెలిసిపోతుంది.

శిష్యులంటే ఆఫీసర్లయినవాళ్ళ దగ్గరికే పరిగెత్తకు. వాళ్ళు మైకు ముందు మాట్లాడినట్టు మాట్లాడతారు. పదో తరగతి తప్పి కాశీనగర్‌లో కిరాణా కొట్టు పెట్టుకున్నవాణ్ణి, మధ్యలో బడి మానేసి పెళ్ళయిపోయిన ఆడపిల్లని, కొండ మీద ఊళ్ళ నుంచి నడిచి వచ్చిన సవర కుర్రాళ్ళని వెతుకు. మా నాన్న ఎలాంటివారు అని అడగకు, మంచివారు అని ఊరుకుంటారు. క్లాసులో ఎక్కడ నిలబడేవారు, ఎక్కాలు ఎలా అప్పచెప్పించుకునేవారు, రాకపోతే ఏమనేవారు, కోతల రోజుల్లో మీరు బడి మానేస్తే ఏం చేసేవారు, ఇలా అడుగు. అడిగాక నువ్వు మాట్లాడకు. ఫోన్‌లో రికార్డు చేస్తున్నానని ముందే చెప్పి పక్కన పెట్టేసెయ్, వాళ్ళు ఆగి ఆలోచించుకున్నా కంగారుపడి ఇంకో ప్రశ్న వెయ్యకు, అసలు మాట అక్కడే వస్తుంది.

ఒక్క సంగతి మాత్రం ఎంత పొడుగైనా పరవాలేదు, పూర్తిగా రాయి. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుకుని, ఒకటో తరగతిలో కూర్చోగానే అంతా ఒడియా. మాష్టారు రమ్మంటున్నారో పొమ్మంటున్నారో తెలియక గోడకి అంటుకుపోయేవారు. మీ నాన్న బోర్డు మీద ఒడియాలో రాసి, పాఠం తెలుగులో చెప్పి, మళ్ళీ అదే పాఠం ఒడియాలో చెప్పేవారు. అంటే ప్రతి పాఠం రెండుసార్లు, జీతం ఒక్కసారికే. సవర పిల్లలుంటే వాళ్ళలో పెద్దవాణ్ణి పక్కన నిలబెట్టుకుని మూడోసారి వాడిచేత చెప్పించేవారు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన తెలుగు ఎందుకని కోప్పడితే, అర్థం కాకుండా చెప్పడం నాకు చేతకాదండీ అన్నారు. ఆ మాట నేను పక్కనే ఉండి విన్నాను. సరిహద్దు బళ్ళలో పని చేసినవాళ్ళకి తప్ప ఈ కష్టం ఎవరికీ తెలియదు, నువ్వు రాయకపోతే ఇంకెవరూ రాయరు.

ఆయన బెత్తం కూడా వాడేవారు. దాచకు. శిష్యులందరికీ గుర్తున్న విషయం దాచేస్తే మిగతా పేజీలు కూడా నమ్మరు. ఎవరికి నొప్పి ఇంకా మనసులో ఉందో వాళ్ళ మాట వాళ్ళ మాటగానే వెయ్యి.

అమ్మని మర్చిపోకు. జీతం ఆలస్యమైన నెలల్లో ఇల్లెలా గడిచిందో, పరీక్షల ముందు మీ ఇంట్లో పడుకున్న పిల్లలకి ఎన్ని గిద్దల బియ్యం ఎక్కువ పొయ్యాల్సి వచ్చేదో ఆవిడకే తెలుసు. అంకితంలో ఒక లైనుతో సరిపెడితే అన్యాయం.

తుఫానులో తడిసి ఒకదానికొకటి అంటుకున్న ఫోటోలని లాగి విడదీయకు, చిరిగిపోతాయి, ఎవరైనా తెలిసిన ఫోటో స్టూడియో ఆయనకి చూపించు. మిగతావి పగటి వెలుతుర్లో ఫోన్‌తో తీసుకో, ఎవరు ఎవరో పేర్లు రాసుకో.

పుస్తకం తెలుగులో ఒక్కటే వేస్తే సగంమంది చదవలేరు. ఆయన శిష్యుల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ చదివేది ఒడియాలోనే. ఎడమ పేజీ తెలుగు, కుడి పేజీ ఒడియా పెట్టు, ఖర్చు పెరిగితే రంగు ఫోటోలు తగ్గించు. ఒడియా నేను సరిచూసిపెడతాను.

ఇవన్నీ తర్వాత చేసినా ఫరవాలేదు, ఈ వారమే మాత్రం స్కూల్లో గంట కొట్టిన పాత అటెండరు ఇంటికి వెళ్ళు. ఎనభై దాటాయి, చూపు తగ్గింది, గ్రూప్ ఫోటోలో పిల్లల పేర్లు చెప్పగలిగింది ఇప్పుడు ఆయనొక్కరే. పొద్దున పదిలోపు వెళ్ళు, తర్వాత పడుకుంటారు.

మీ బాబాయ్