పిల్లి సీరంలో యాంటీబాడీలు వెదికే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి ఆశీస్సులు.

మీ ల్యాబులో పిల్లుల లుకేమియా వైరస్‌కు యాంటీబాడీ పరీక్ష మొదలుపెడుతున్నట్టు రాశావు. సంతోషం. అయితే పిల్లికి ఆ వైరస్ ఉందో లేదో తేల్చమని ఎవరైనా అడిగితే, నువ్వు చేయవలసింది ఆ పరీక్ష కాదు. క్లినిక్కుల్లో వాడే కిట్టు ఈ వైరస్ విషయంలో వెదికేది పి27 అనే వైరస్ సొంత ప్రోటీన్‌ను, అంటే యాంటిజెన్‌ను. అదే కిట్టులో పక్కనుండే ఎఫ్‌ఐవి (పిల్లుల్లో రోగనిరోధక శక్తిని తగ్గించే మరో వైరస్) చుక్క మాత్రం యాంటీబాడీలను చూపుతుంది కనుక రెండూ ఒకటేనని డాక్టర్లు కూడా పొరబడుతుంటారు. కొత్తలో నేనూ పొరబడ్డాను.

1964లో గ్లాస్గోలో విలియం జారెట్ బృందం కనుగొన్న ఈ వైరస్ సోకిన పిల్లులన్నిటికీ జబ్బు ముదరదు. ఎదిరించి నిలిచిన వాటిలో తరచు న్యూట్రలైజింగ్ యాంటీబాడీలు, అంటే వైరస్ కణాలకు సోకకుండా అడ్డుకునేవి, దొరుకుతాయి. వైరస్ రక్తంలో తిష్ఠవేసిన వాటిలో సాధారణంగా దొరకవు. టీకా వేసిన పిల్లిలో అవి కనబడలేదని టీకా పనిచేయలేదని రాయకు. చిన్న పిల్లకూనలో కనబడితే అవి తల్లి ఇచ్చినవి కావచ్చు.

ఇక ఈ యాంటీబాడీల పరీక్ష చేసే పని సంగతి. సీరాన్ని (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని) 56 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నిమిషాలు ఉంచి, అందులో సహజంగా ఉండే కాంప్లిమెంట్ అనే రక్షక ప్రోటీన్లను చంపి, రెట్టింపు చొప్పున పలచన చేస్తూ, ప్రతిదానిలో ఒకే కొలత వైరస్ కలిపి కణాల మీద పోయాలి. వైరస్ తప్పించుకున్న చోట గుండ్రంగా ఉబ్బి, మెరిసే కణాలు గుత్తులుగా కనిపిస్తాయి. ఆ గుత్తులు తగ్గితే యాంటీబాడీ ఉన్నట్టు. ఒకసారి నేను వైరస్ కలపని, ఉత్త సీరం పోసిన గుంట ఒకటి పళ్లెంలో పెట్టుకోలేదు. గుత్తులు బాగా తగ్గాయని పాజిటివ్ రాసి ఇచ్చాను. మర్నాడు ఆ పళ్లెం మళ్ళీ చూస్తే తగ్గింది గుత్తులే కాదు, కణాలు కూడా. ఆ సీరం వాటికే విషమైంది. రిపోర్టు వెనక్కి తీసుకోవడానికి పడ్డ సిగ్గు నాకింకా గుర్తుంది. ఆ గుంట ఎంత పని తొందరలోనైనా వదలకు.

రిపోర్టులో పరీక్ష పేరు, టైటర్ (ఎంత పలచన చేసినా సీరం ఇంకా పనిచేసిందో చెప్పే అంకె) రెండూ రాసి, ఇది వైరస్ ఉనికిని చెప్పదని కింద ఒక వాక్యం చేర్చు. వైరస్ సంగతి కావాలన్నవారికి యాంటిజెన్ కిట్టు చేయించు; ఈమధ్యనే వైరస్ ఉన్న పిల్లితో తిరిగిందంటే, నెగటివ్ వచ్చినా 30 రోజుల తరువాత మళ్ళీ తీసుకురమ్మను.

ఇట్లు,
మీ పెదనాన్న