డబ్బులిచ్చి నల్లుల్ని కొనాలా? (రైతు ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: సార్, మాది దర్శి దగ్గర పల్లె, రెండెకరాలు మిర్చి. పోయినేడాది నల్ల తామర పురుగుకి ఎన్ని మందులు కొట్టామో లెక్కే లేదు, అయినా పూతంతా రాలిపోయింది. ఫోన్లో ఒక వీడియో చూశా, మట్టిలో వదిలే నల్లులు ఉంటాయంట, అవి పురుగుల్ని తినేస్తాయంట. మా ఇంట్లోవాళ్ళేమో డబ్బులిచ్చి నల్లుల్ని కొనేదేందయ్యా అని నవ్వుతున్నారు. తెప్పించుకోమంటారా?

జవాబు: ముందు ఇంట్లోవాళ్ళకి చెప్పండి. మంచంలో కుట్టేదీ నల్లే, మిరపాకు కింద రసం పీల్చేదీ నల్లే, మనం రెంటికీ ఒకే పేరు పెట్టి ఊరుకున్నాం గానీ మంచం నల్లికి కాళ్ళు ఆరు, ఇవి ఎనిమిది కాళ్ళవి, సాలెపురుగుకి చుట్టాలు. వీడియోలో మీరు చూసింది స్ట్రాటియోలేలాప్స్ అయ్యుంటుంది, పాత పేరు హైపోయాస్పిస్. మిల్లీమీటరు లోపే ఉంటది, లేత గోధుమరంగు, పై మట్టిలో అంగుళం రెండంగుళాల్లోనే తిరుగుద్ది. మనిషిని కుట్టదు, మొక్కని ముట్టదు.

తామర పురుగుకీ మట్టికీ ఏం సంబంధం అంటారేమో. అది గుడ్డు ఆకు లోపల పెడుతుంది, పిల్లలు ఆకుల మీద పూలల్లో గీకి తింటాయి, ఆ తర్వాత చాలావరకు కిందికి రాలి మట్టిలో చేరి ప్యూపా అయిపోతాయి, ఇక తినవు, పెద్దగా మెదలవు, ఈ నల్లికి దొరికేది అప్పుడే. మీరు ఆకుల మీద కొట్టిన మందు ఆ టైములో మట్టిలో ఉన్నవాటికి తగల్దు గదా, నాలుగు రోజులకి రెక్కలొచ్చి మళ్ళీ పూలల్లో కూర్చుంటాయి, మనమేమో మందు కల్తీది అనుకుని ఇంకో డబ్బా తెస్తాం.

ఇంత చెప్పి కూడా, మీ రెండెకరాలకి వద్దనే అంటా. చదరపు మీటరుకి తక్కువలో తక్కువ 100 నల్లులు కావాలనుకోండి, ఎకరం 4047 చదరపు మీటర్లు, అంటే ఎకరాకే నాలుగు లక్షల పైన, మీకు ఎనిమిది లక్షలు! పైగా వీటిని వాడేది ఎక్కువగా గ్రీన్‌హౌసుల్లో, తేమ ఆరని కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) లాంటి వాటిల్లో, 15 నుంచి 30 డిగ్రీల మధ్య. మన దగ్గర పై మట్టి ఎండి పెళుసైపోయిన చేలో అవి ఎన్నాళ్ళుంటాయి చెప్పండి. ఉన్నా కూడా పక్క చేలోనించి రెక్కల పురుగులు ఎగిరొస్తానే ఉంటాయి. పై దేశం నుంచి ఆన్‌లైన్లో డబ్బాలు తెప్పించుకునే ఆలోచన అసలొద్దు, 2003 ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం బతికున్న మిత్ర పురుగుల్ని తేవాలంటే పర్మిషన్ ఉండాలి. మన దేశంలో ఏ రకాలు ఉన్నాయో కనుక్కోవాలంటే బెంగళూరులో ఎన్‌బీఏఐఆర్ అని వ్యవసాయ పురుగుల మీద పనిచేసే కేంద్ర సంస్థ ఉంది, వాళ్ళని అడగండి.

పనికొచ్చే చోటొకటి ఉంది, నారుమడి. షేడ్‌నెట్ కింద ప్రోట్రేల్లో (గుంటలుండే ప్లాస్టిక్ ట్రేలు) నారు పెంచేవాళ్ళకి, ట్రేల మీద చిన్న నల్ల ఈగలు ముసురుతుంటే, వాటి పిల్లలు కోకోపీట్‌లో సన్న వేర్లు తింటా ఉంటాయి. అనుమానంగా ఉంటే ఒక బంగాళాదుంప ముక్క కోసి ట్రేలో బోర్లించండి, రెండ్రోజులాగి తిప్పి చూస్తే నల్ల తలకాయతో అద్దంలాంటి పురుగులు అంటుకుని ఉంటాయి. అట్టాంటి చోట మాత్రం ఈ నల్లి బ్రహ్మాండంగా పనిచేస్తది.

చేలో అయితే ఉన్నవాటిని చంపుకోకుండా ఉంటే చాలు. పోయిన వానల్లో మా పెరట్లో పాత పెంటకుప్ప కింద గుప్పెడు మట్టి తీసి తెల్లకాగితం మీద పోసి భూతద్దం పెట్టి చూశా, ఒక గోధుమరంగు నల్లి తనకన్నా పొడుగున్న తెల్ల పురుగుని పట్టుకుని వెనక్కి ఈడ్చుకుపోతా ఉంది, నేను టీ చల్లారిపోయిందాకా అట్నే చూస్తా కూర్చున్నా. ఇట్టా పురుగుల్ని వేటాడే నల్లులు మన మట్టిలో కూడా ఉన్నాయి. బాగా మాగిన పశువుల ఎరువు వేయండి, సాళ్ళలో చెత్త కప్పి తేమ ఉంచండి, పురుగుమందు గుళికలు చల్లడం మానండి (ఫోరేట్ గుళికలు 2020 చివరికే నిషేధం, ఎవరైనా పాత స్టాకు అంటగడితే తీసుకోవద్దు). నీలం జిగురు అట్టలు, చేను చుట్టూ జొన్న కంచె సాళ్ళు ఎట్టాగూ తెలిసినవే.

ప్రశ్న: గూడూరు దగ్గర మాకు నిమ్మతోట. కాయల మీద మంగు వస్తంది, తొక్కంతా తుప్పురంగుకి తిరుగుతంది. ఈ మట్టి నల్లులు వదిలితే పోద్దా?

జవాబు: పోదండీ. మంగు చేసే నల్లి కాయ మీద, ఆకు మీద ఉంటది, ఇవేమో చెట్టెక్కవు. నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు కలిపి కొట్టండి, ఎండ ముదిరినప్పుడు మాత్రం కొట్టొద్దు, కాయ మాడుద్ది. గంధకం మంచి నల్లుల్ని కూడా చంపుద్ది, కాబట్టి మంగు కనబడిన చెట్లకే కొట్టండి, తోటంతా వద్దు.