చెరువు మీద రౌటర్ సంగతి

చిరంజీవికి, బాబాయ్ ఆశీస్సులు.

రాత్రిపూట చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో కాకినాడ నుంచే చూసుకుందామని కెమెరా పెట్టావు, బాగుంది. అది కనపడట్లేదని, రౌటర్‌లో రాకపోకల్ని కాపలా కాసే ఫైర్‌వాల్‌ని మొత్తం ఆపేయమన్నారట ఎవరో. ఆ పని మాత్రం చెయ్యకు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి నుంచి ఒక పోర్ట్‌కి (తలుపు నంబర్‌లాంటిది) వచ్చినదాన్ని కెమెరాకి మళ్లించడం, సరిగానే పెట్టావు గానీ అనుమతి రూల్ ఫైర్‌వాల్‌లోని ఇన్‌పుట్ జాబితాలో రాశావు. ఇన్‌పుట్ అంటే రౌటర్ కోసమే వచ్చే ప్యాకెట్లు (డేటా ముక్కలు). రౌటర్ మీదుగా ఇంకో పరికరానికి పోయేవి ఫార్వర్డ్‌లోకి వెళ్తాయి. బయటి నుంచి వచ్చిన ప్యాకెట్ మీది గమ్యాన్ని రౌటర్ ముందే కెమెరా అడ్రస్‌గా, అంటే 192.168.1.50గా మార్చేస్తుంది. ఫైర్‌వాల్ రూల్స్ చూసేది ఆ తర్వాతే. కాబట్టి ఫార్వర్డ్‌లో, లోపలి అడ్రస్, లోపలి పోర్ట్ వేసి రాయాలి. నీ రూల్ పక్కన ప్యాకెట్లని లెక్కపెట్టే కౌంటర్ సున్నా దగ్గరే ఉంది చూడు, దాని దాకా ఒక్క ప్యాకెట్టూ రాలేదన్నమాట. నేనైతే రూల్ కంటే ముందు కౌంటరే చూస్తాను.

వరస కూడా ముఖ్యం. ఫైర్‌వాల్ రూల్స్‌ని పైనుంచి చూసుకుంటూ వచ్చి, సరిపోయిన మొదటి దగ్గరే తేల్చేస్తుంది. చివర ఉన్న ‘అన్నీ డ్రాప్’, అంటే మిగతావన్నీ పారెయ్యమనే రూల్ కింద ఏం రాసినా దండగే. అన్నిటికంటే పైన ‘ఎస్టాబ్లిష్డ్, రిలేటెడ్’, అంటే ఇప్పటికే మొదలైన మాటల్ని సాగనిచ్చే రూల్ ఉంటుంది, దాన్ని కదపకు. లోపలి నుంచి ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో రౌటర్ పద్దు రాసుకుంటుంది. జవాబులు ఆ పద్దు ప్రకారమే లోపలికొస్తాయి. అందుకే పిల్లల ట్యాబ్‌ని ఆపుతూ కొత్త రూల్ రాసినా, అప్పటికే నడుస్తున్న వీడియో నడుస్తూనే ఉంటుంది. రౌటర్ రీస్టార్ట్ చేస్తే ఆ పద్దు పోతుంది.

ఇంత చేసినా రాకపోతే వాన్ (WAN) అడ్రస్, అంటే రౌటర్‌కి బయటివైపు నెట్ కంపెనీ ఇచ్చిన అడ్రస్ చూడు. 100.64 నుంచి 100.127 లోపు ఉంటే, ఒకే పబ్లిక్ అడ్రస్‌ని నెట్ కంపెనీ చాలామందికి పంచుతోందని అర్థం. అప్పుడు నీ రూల్స్‌తో పని జరగదు, నీ ఒక్కడికే, మారకుండా ఇచ్చే అడ్రస్, అంటే స్టాటిక్ ఐపీ అడగాల్సిందే.

అది వచ్చాక కూడా కెమెరాని నేరుగా బయటికి తెరవకు, నా మాట విను. వైర్‌గార్డ్ పెట్టు, బయటి నుంచి రౌటర్ దాకా తాళం వేసిన సొరంగంలాంటి వీపీఎన్ అది. మామూలుగా దాని పోర్ట్ యూడీపీ 51820, అది ఇన్‌పుట్‌లోనే తెరవాలి, ఎందుకంటే ఈసారి ప్యాకెట్ వచ్చేది రౌటర్ కోసమే. యూపీఎన్‌పీ ఆపెయ్, లేకపోతే లోపలి పరికరాలు నిన్ను అడక్కుండానే పోర్టులు తెరిపించుకుంటాయి.

ఇదంతా కాకినాడ నుంచి చెయ్యకు. చెరువు దగ్గరికి వెళ్లినప్పుడు, సెట్టింగులు బ్యాకప్ తీసుకుని, షెడ్డులో కూర్చుని చెయ్యి.

మీ బాబాయ్