చర్చి బృందంతో రాజమండ్రి వస్తే ఆ ఒక్క పూట ధవళేశ్వరానికే ఇవ్వండి

మా చర్చి నుంచి నలభై మందిమి కూటాలకు రాజమండ్రి వస్తున్నాం, మధ్యలో ఒక పూట ఖాళీ ఉంది, ఏం చూడాలి అని అడిగారు. బయటి ఊళ్ల నుంచి మా సంఘానికి వచ్చేవాళ్లను పదేళ్లుగా ఊరు తిప్పుతున్నాను కాబట్టి చెప్తున్నాను. ఆ పూట మొత్తం ధవళేశ్వరంలో గడపండి. మిగతావి కుదిరితే చూడండి, కుదరకపోతే బాధపడొద్దు.

బృందాలు ముందే పంపే లిస్టులు చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. పాపికొండలు, కడియం నర్సరీలు, అంతర్వేది, మ్యూజియం, అన్నీ ఒక్క పూటలో కావాలి! పాపికొండలకు రోజంతా పడుతుంది, దాన్ని వేరే రోజు పెట్టుకోవాలి. పెట్టుకుంటే మాత్రం అందరూ లైఫ్ జాకెట్ వేసుకున్నాకే లాంచీ కదలనివ్వండి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగిన సంగతి ఈ ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు. ఇంకొందరు పాస్టరు గార్లు చూడ్డానికి కూడా చర్చిలే చూపించమంటారు. పొద్దుటి నుంచి వాక్యం విన్నవాళ్లను మధ్యాహ్నం ఇంకో చర్చిలో కూర్చోబెడితే పెద్దవాళ్ల మోకాళ్లు ఏమవుతాయి? అక్కడ మళ్లీ ఒక పాట, ఒక సాక్ష్యం, ఒక ప్రార్థన, ఇక పూట అయిపోయినట్టే.

ధవళేశ్వరం ఊరికి ఏడెనిమిది కిలోమీటర్లు. ఇంగ్లిషు ఇంజనీరు కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆనకట్ట కట్టింది అక్కడే. అంతకు ముందు ఈ జిల్లా పచ్చగా ఉండేదనుకుంటారు చాలామంది. కానీ 1832-33లో వచ్చిన నందన కరువుకు ఇక్కడి జనం పిట్టల్లా రాలిపోయారు. పక్కనే గోదావరి ఉంది, పొలంలో చుక్క నీరు లేదు. ఇప్పుడున్న బ్యారేజీ తర్వాత కట్టింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మొత్తం 175 గేట్లు. అక్కడి కాటన్ మ్యూజియంలో ఆనకట్ట కట్టినప్పటి పనిముట్లు, యంత్రాలు ఉంటాయి. కాటన్ దొర భక్తిగల మనిషి. కూతురు ఎలిజబెత్ సువార్త చెప్పేది, తండ్రి జీవిత చరిత్ర రాసింది కూడా ఆమే. ఇక్కడి రైతులు ఊరూరా ఆయన విగ్రహం పెట్టుకున్నారు. గోదావరి స్నానం చేసేటప్పుడు ఆయన్ని భగీరథుడని తలుచుకునే సంస్కృత శ్లోకం కూడా ఉంది. ఒక విశ్వాసి చేసిన పనిని అన్ని మతాల వాళ్లూ ఇంతగా నెత్తిన పెట్టుకున్న చోటు నాకు తెలిసి ఇంకెక్కడా లేదు. చర్చి బృందం చూడాల్సింది ఇది కాకపోతే ఇంకేమిటి?

కొన్నేళ్ల కిందట అక్టోబరులో కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక స్త్రీల సమాజం వచ్చింది. ముప్పై మంది, సగం మంది అరవై దాటినవాళ్లే. మ్యూజియం చూసి బయటికొచ్చి, తూర్పు డెల్టా కాలువ మొదలయ్యే చోట నిలబడ్డాం. కాలువ అంచుల దాకా నిండి పోతోంది. ఒకావిడ చెప్పులు విడిచి, మెట్ల మీద కూర్చుని, రెండు కాళ్లూ నీళ్లలో పెట్టింది. చీర కుచ్చిళ్లు తడిసిపోతున్నా పట్టించుకోలేదు.

"ఈ నీళ్లన్నీ యాడికి పోతాయమ్మా?" అంది.

"పొలాలకు పెద్దమ్మా."

చాలాసేపు నీళ్లవైపే చూసింది. తర్వాత నెమ్మదిగా, "మొదటి కీర్తన సండే స్కూల్లో నేర్చుకుంటి. నీటికాలువ అంటే మా ఊరి కాడ వానకు పారే వంక అనుకుంటి. ఇదా!" అంది.

నేను కాలువ గట్టున పుట్టి పెరిగినదాన్ని. నీటికాలువల ఒడ్డున నాటిన చెట్టు గురించి చెప్పే ఆ కీర్తన వెయ్యిసార్లు చదివుంటాను, ఆ మాట దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదు. పైనుంచి పాస్టరు గారు టైం అయిపోయింది రమ్మని పిలుస్తున్నారు, డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఆవిడ తన బాటిల్లో ఉన్న మంచినీళ్లు గట్టు మీద పారబోసి, కాలువలో ముంచి నింపుకుంది. ఇవి తాగకూడదు పెద్దమ్మా అన్నాను. తాగడానికి కాదట, వాళ్ల చర్చి ముందర ఉన్న కానుగ చెట్టు మొదట్లో పోస్తుందట. ఆ రోజు ఇంకో అరగంట ఆగి ఉంటే ఎంత బాగుండేది! ఆ హడావిడి అంతా ఒక షాపింగ్ మాల్ కోసం. అలాంటి మాల్ వాళ్ల అనంతపురంలోనూ ఉంటుంది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమే.

అందుకే చెప్తున్నాను, కాలువ దగ్గర తొందరపెట్టకండి. పొద్దున తొమ్మిదికల్లా బయల్దేరండి, ఎండ ముదిరితే పెద్దవాళ్లు బస్సు దిగరు. బాత్రూం అవసరాలన్నీ మీరు దిగిన చోటే చూసుకుని రండి, ముఖ్యంగా ఆడవాళ్లు. మ్యూజియం తెరిచి ఉంటుందో లేదో ముందు రోజే కనుక్కోండి. ఓపిక ఉంటే బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక దాటి ఆత్రేయపురం వెళ్లి, పూతరేకులు చుట్టడం చూసి రావచ్చు.

సాయంత్రం గంట మిగిలితే పుష్కర ఘాట్‌లో కూర్చోండి. అది మనది కాదని కొందరు బస్సులోనే ఉండిపోతారు, నాకు అది నచ్చదు. నది అందరిదీ. 1900 నుంచి 1997 దాకా రైళ్లు నడిచిన హేవలాక్ వంతెన, దాని తర్వాత వచ్చిన ఆర్చి వంతెన అక్కణ్ణుంచి కనిపిస్తాయి, సూర్యుడు కొవ్వూరు వైపు దిగుతాడు. తిన్న ప్లేట్లు, కవర్లు మాత్రం రేవులో పడేయకండి. పాటలు పాడి వెళ్లిపోయిన బృందాల వెనక చెత్త ఏరిన రోజులున్నాయి నాకు. బృందంలో చదువుకునే ఆడపిల్లలుంటే కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు చూపించండి. 1881లో మొదటి వితంతు వివాహం చేయించింది ఈ ఊళ్లోనే. బొమ్మలు ఇష్టపడేవాళ్లకు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే చనిపోయిన మనిషి వేసినవంటే నమ్మలేరు.

మీరు ఏ నెలలో వస్తున్నారో రాయలేదు. దాళ్వా (రెండో వరి) పంట అయ్యాక ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు, అడుగున బురద తప్ప ఏమీ కనిపించదు. మళ్లీ జూన్‌లో నీళ్లు వదులుతారు. వరద హెచ్చరిక ఉన్న రోజుల్లో రేవుల జోలికి వెళ్లొద్దు. తేదీలు ఇంకా ఖాయం కాకపోతే, కూటాలు అక్టోబరుకు పెట్టమని మీ పాస్టరు గారిని అడిగి చూడండి.